ఒక్క శాతం కత్తి కోసం 266 సార్లు

మన క్లబ్ పత్రికలో సీనియర్లు కవితలు, కథలు బాగా రాస్తారు. నాకు అవి రావు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం కాబట్టి తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. అందుకే నాకు బాగా తెలిసిన సబ్జెక్టు తీసుకున్నాను. గేమ్స్‌లో రేర్ డ్రాప్స్. ఇందులో కొంచెం లెక్కలు, కొంచెం గోదావరి, నేను చేసిన ఒక వెధవ పని ఉన్నాయి. లెక్కలంటే భయం ఉన్నవాళ్లు కూడా చదవొచ్చు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

రేర్ డ్రాప్ అంటే ఏంటి?

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్స్‌లో మనం ఒక వీరుడు. రాక్షసుల్ని, దెయ్యాల్ని, డ్రాగన్లని చంపుతూ పోవాలి. ఒకటి చచ్చినప్పుడల్లా దాని దగ్గర్నుంచి ఏదో ఒకటి కింద పడుతుంది. బంగారం, మందు సీసా, తుప్పు పట్టిన డాలు, ఇలా. దీన్నే డ్రాప్ అంటాం. చాలా అరుదుగా మాత్రం అసలైన వస్తువు పడుతుంది. అదే రేర్ డ్రాప్. 2000లో వచ్చిన డయాబ్లో 2 నుంచి ఇవాళ్టి ఫోన్ గేమ్స్ దాకా కోట్ల మందిని రాత్రుళ్లు కూర్చోబెడుతున్నది ఇదే.

ఒకే రాక్షసుణ్ణి మళ్లీ మళ్లీ చంపడాన్ని ఫార్మింగ్ అంటారు. మా అమ్మకి ఈ మాట చెప్తే "మనకున్న ఎకరం చాలదా" అంది. కోనసీమలో ఫార్మింగ్ అంటే వరి, కొబ్బరి. ఆరు నెలలు ఆగితే కనీసం బస్తాలైనా కనిపిస్తాయి. మా ఫార్మింగ్‌లో ఆ గ్యారంటీ లేదు.

నాకేం జరిగింది

గేమ్ పేరు చెప్పను, అవసరం లేదు. అందులో ఊబిలో ఉండే ఒక బాస్ ఉంటాడు. వాడి దగ్గర ఒక కత్తి పడే అవకాశం 1 శాతం అని గేమ్‌లోనే రాసి ఉంది. నేను అనుకున్నదేంటంటే, ఒక శాతం అంటే వందలో ఒకటి, కాబట్టి వంద సార్లు చంపితే ఒక కత్తి వస్తుంది. గంటకి 12 సార్లు చంపగలను. ఎనిమిదిన్నర గంటల పని. రెండు రాత్రుళ్లు చాలు అనుకున్నా.

వంద అయింది. రాలేదు. 150 అయింది. రాలేదు. నా రూమ్మేట్ సరదాగా మొదలుపెట్టి నాలుగోసారికే కొట్టేశాడు. స్క్రీన్‌షాట్ తీసి క్లాస్ గ్రూపులో పెట్టాడు. ఆ రోజు వాడితో కలిసి మెస్‌కి వెళ్లలేదు, నిజం. 230 దగ్గర నాకు ఓపిక పోయింది. గేమ్ షాపులో బూస్ట్ ప్యాక్ ఒకటి ఉంటుంది. 499 రూపాయలు. గంటసేపు డ్రాప్ రేటు రెట్టింపు, అంటే 2 శాతం. ఒకటి కొన్నా. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. మొత్తం 1,497 రూపాయలు, మూడు గంటలు, 36 చావులు. కత్తి రాలేదు.

ఆ డబ్బు ఎక్కడిదో కింద చెప్తాను. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. అదే వారం ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ మిడ్‌లో నాకు 30కి 11 వచ్చాయి. రాత్రంతా ప్రాక్టికల్స్ చేసి థియరీలో పోయానన్నమాట.

వందలో ఒకటి అంటే వందకి ఒకటి కాదు

ఇప్పుడు లెక్క. కత్తి పడే అవకాశం 1 శాతం అయితే పడకపోయే అవకాశం 99 శాతం, అంటే 0.99. రెండుసార్లూ పడకపోవాలంటే 0.99 × 0.99. మూడుసార్లూ పడకపోవాలంటే 0.99ని మూడుసార్లు గుణించాలి. వందసార్లూ పడకపోవాలంటే 0.99ని వందసార్లు గుణించాలి. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే కాలిక్యులేటర్‌లో ఘాతం బటన్ కనిపిస్తుంది, నొక్కి చూడండి. 0.366 వస్తుంది.

అంటే వందసార్లు చంపినా కత్తి రాని వాళ్లు నూటికి దాదాపు 37 మంది ఉంటారు. వచ్చినవాళ్లు 63 మందే. నేను "గ్యారంటీ" అనుకున్న చోట మూడో వంతు కంటే ఎక్కువ మంది ఉత్తచేతులతో ఉంటారు. ఒక శాతం డ్రాప్‌కి మొత్తం పట్టిక ఇది:

10 సార్లకి – 9.6 శాతం
50 సార్లకి – 39.5 శాతం
69 సార్లకి – 50 శాతం
100 సార్లకి – 63.4 శాతం
200 సార్లకి – 86.6 శాతం
300 సార్లకి – 95.1 శాతం
459 సార్లకి – 99 శాతం

గమనించండి, 100 శాతం అనేది ఈ పట్టికలో ఎక్కడా రాదు. ఎన్ని వేలసార్లు చంపినా రాదు. 99.99 కూడా దాటుతుంది, కానీ 100 మాత్రం అవ్వదు.

దీన్ని గుర్తుపెట్టుకోడానికి తేలిక పద్ధతి ఉంది. డ్రాప్ రేటు N లో ఒకటి అనుకోండి. 0.7 N సార్లకి సగం అవకాశం. N సార్లకి 63 శాతం. 3 N సార్లకి 95 శాతం. 4.6 N సార్లకి 99 శాతం. రేటు బాగా చిన్నదైతే చాలు, అది 200లో ఒకటైనా 5,000లో ఒకటైనా ఈ గుణకాలు దాదాపు మారవు. మన సిలబస్‌లో దీని పేరు జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్. మిడ్‌లో వచ్చింది కూడా. వదిలేశా.

నా లెక్క చూద్దాం. బూస్ట్ లేకుండా 230 సార్లు రాకపోయే అవకాశం 9.9 శాతం. బూస్ట్‌తో 36 సార్లు రాకపోయే అవకాశం 48.3 శాతం. రెండూ గుణిస్తే దాదాపు 4.8 శాతం. మా సెక్షన్‌లో 66 మందిమి. అందరూ నాలాగే ఆడితే సగటున ముగ్గురికి నా గతి పడుతుంది. "ప్రపంచంలో నా అంత దరిద్రుడు లేడు" అని ఆ రాత్రి అనుకున్నాను. లెక్క ప్రకారం మా క్లాస్‌లోనే నాకు ఇద్దరు తోడున్నారు.

నమ్మకం కుదరక ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. మీరూ రాయొచ్చు, పది లైన్లు పట్టదు. ఒక లక్ష మంది ఆటగాళ్లని ఊహించుకుని, ఒక్కొక్కరికి 1 నుంచి 100 లోపు ఒక రాండమ్ నంబర్ తీస్తూ, 1 వచ్చేదాకా ఎన్నిసార్లు పట్టిందో రాసుకోవడమే. 36 వేల పైచిలుకు మందికి వందలోపు రాలేదు. సూత్రం చెప్పిందే.

పాచికకి జ్ఞాపకం లేదు

ఇక్కడే అసలు తప్పు. 230 సార్లు రాలేదు కాబట్టి 231వ సారి వచ్చే అవకాశం పెరిగింది అనిపిస్తుంది. "ఇంకెంతసేపు ఆగుతుంది, వచ్చే టైమైంది" అని లోపల ఒక గొంతు చెప్తూనే ఉంటుంది. కానీ 231వ సారి కూడా అవకాశం 1 శాతమే. మొదటిసారి ఎంతో అంతే. నేను పడిన 230 ఎక్కడా జమ అవ్వలేదు. అక్కణ్నుంచి కూడా సగం అవకాశం కోసం మళ్లీ 69 సార్లు పడుతుంది.

కంప్యూటర్ లోపల జరిగేది కూడా చూద్దాం. పైథాన్‌లో రాండమ్ మాడ్యూల్ వాడేది మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి. 1997లో మత్సుమొతో, నిషిమురా అనే ఇద్దరు జపాన్ గణితవేత్తలు తయారు చేశారు. అది ఒక అంకె తర్వాత ఇంకో అంకె ఇస్తూ పోతుంది. ఆ వరస మళ్లీ మొదటికి రావాలంటే 2ని 19,937 సార్లు గుణించి ఒకటి తీసేసినన్ని అంకెలు దాటాలి. గేమ్ ఏది వాడినా చేసేది ఒకటే. బాస్ చచ్చినప్పుడు తర్వాతి అంకె తీసుకుంటుంది. గీత కింద ఉంటే కత్తి, లేకపోతే డాలు. ప్రత్యేకంగా రాస్తే తప్ప "పాపం వీడు 230 సార్లు కొట్టాడు" అని చూసే లైన్ అందులో ఉండదు.

కానీ మేం ఊరుకుంటామా? మా హాస్టల్లో నమ్మకాలు వినండి. రాత్రి పన్నెండు దాటాక కొడితే పడుతుంది. సర్వర్ మార్చితే పడుతుంది. బాస్‌ని మంటతో కాకుండా బాణంతో చంపాలి. ముందు డాలు పడితే తర్వాత కత్తి గ్యారంటీ. చివరి దెబ్బకి ముందు క్యారెక్టర్‌ని మూడుసార్లు తిప్పాలి. ఇది నేను కూడా చేశా.

1948లో స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు పావురాల మీద ఒక ప్రయోగం రాశాడు. పావురం ఏం చేసినా చేయకపోయినా, కొన్ని సెకన్లకోసారి గింజలు వచ్చేలా పెట్టాడు. ఎనిమిదిటిలో ఆరు పావురాలకి ఏదో ఒక అలవాటు పట్టుకుంది. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి తల మూలకి విసురుతుంది. గింజలు పడినప్పుడు తను చేస్తున్న పని వల్లే పడ్డాయని నేర్చేసుకున్నట్టు. అది చదివాక క్యారెక్టర్‌ని మూడుసార్లు తిప్పడం మానేశా.

ఇంకో మోసం ఉంది, అది మన కళ్లు చేసేది. నాలుగోసారికే కత్తి వచ్చినవాడు స్క్రీన్‌షాట్ పెడతాడు. 266 సార్లు రానివాడు దేని స్క్రీన్‌షాట్ పెట్టాలి? అందుకే గ్రూపు చూస్తే నాకు తప్ప అందరికీ వచ్చేసినట్టు ఉంటుంది. చివరికి మేం నలుగురం కూర్చుని బూస్ట్ లేకుండా చంపినవి మాత్రం కలిపాం. నావి 230, రూమ్మేట్‌వి 4, మిగతా ఇద్దరివి 103, 163. మొత్తం 500. వచ్చిన కత్తులు మూడు. ఐదు రావాల్సిన చోట మూడు. 500 ప్రయత్నాలకి ఇంత తేడా మామూలే. గేమ్ రాసిన 1 శాతం అబద్ధమని చెప్పడానికి నా ఏడుపు తప్ప ఆధారం లేదు.

తాత పులస

మరి ఇంత తేలిక లెక్క మన బుర్రకి ఎందుకు ఎక్కదు? దీనికి జవాబు నాకు మా ఊళ్లో దొరికింది.

మా అమ్మ వాళ్ల నాన్న, మా తాత, వశిష్ట గోదావరి మీద వల వేస్తాడు. మనవైపు వాళ్లకి పులస గురించి చెప్పక్కర్లేదు. వేరే జిల్లాల నుంచి వచ్చిన ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. జూలై, ఆగస్టుల్లో వరద ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి ఎదురీదుతూ వస్తుంది. అప్పుడది పులస. బెంగాల్ వాళ్లు ప్రాణం పెట్టే ఇలిష్ కూడా ఈ జాతి చేపే. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. యానాం మార్కెట్లో ఒక్క చేప ఇరవై వేలు దాటిన సందర్భాలు పేపర్లలో చూసే ఉంటారు. గోదావరి జిల్లాల్లో అసలైన రేర్ డ్రాప్ అంటే ఇదే.

పోయిన సీజన్లో తాత 19 రాత్రుళ్లు ఉత్త వలతో వచ్చాడు. ఇరవయ్యో రాత్రి ఒకటి పడింది. పడవలో ఇద్దరు కాబట్టి డబ్బులు సగం సగం. తన వాటాలోంచి నాకు రెండు వేలు ఇచ్చి "ల్యాబ్‌కి బూట్లు కావాలన్నావు కదరా, కొనుక్కో" అన్నాడు. ఆ డబ్బే ఇది. మూడు బూస్ట్ ప్యాకులు.

దసరా సెలవులకి ఇంటికెళ్తే తాత అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నా కాళ్లకేసి చూశాడు.

"ఏరా, బూట్లు కొనుక్కోలేదా?"

ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టానని చెబుదామనుకున్నా. నోరు రాలేదు. మొత్తం చెప్పేశా. గేమ్, బాస్, కత్తి, ఒక శాతం, అన్నీ. తాత తిట్టలేదు. వల పక్కనపెట్టి చాలా సీరియస్‌గా ప్రశ్నలు అడిగాడు.

"ఆ రాక్షసుణ్ణి ఎప్పుడు కొడితే పడుద్దో తెలుసా నీకు?"

"తెలీదు తాతా. ఎప్పుడు కొట్టినా ఒకటే."

"నిన్న పడకపోతే ఇయ్యాల పడేది ఎక్కువుంటాదా?"

"ఉండదు."

"ఒకటి పడ్డాక దాని ఎనకాల ఇంకోటి ఉంటాదా?"

"ఉండదు తాతా."

"మరి నిద్ర మానుకుని కొట్టడం దేనికిరా? నేను పోటూ పాటూ చూసుకుని దిగుతాను. నీళ్లు రంగు మారకపోతే పడుకుంటాను. నీకు చూసుకోడానికి ఏమీ లేనప్పుడు పడుకోవాల కదా."

నాకు ప్రాబబిలిటీ అప్పుడు అర్థమైంది. తాత అడిగిన మూడు ప్రశ్నలూ గోదాట్లో పనికొచ్చేవే. అక్కడ అవకాశం రోజూ ఒకటే కాదు. ఎర్రనీరు దిగితే పెరుగుతుంది, సీజన్ అయిపోతే పడిపోతుంది. చేపలు గుంపుగా తిరుగుతాయి కాబట్టి ఒకటి పడితే ఇంకోటి పడే అవకాశం నిజంగానే ఎక్కువ. ఒక చోట నాలుగు రోజులు ఏం పడకపోతే అది కూడా సమాచారమే, చోటు మార్చాలి. దవళేశ్వరంలో 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయింది, ఇప్పుడు ఆ స్థానంలో బ్యారేజీ ఉంది. ఎదురీదే చేపకి అడ్డు అక్కడ, కాబట్టి పులస కోసం వెతకాల్సింది దాని దిగువన. ఇవన్నీ తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంటుంది. నది గుర్తులు ఇస్తుంది.

గేమ్ ఏ గుర్తూ ఇవ్వదు. రాత్రి పన్నెండు అక్కడ ఎర్రనీరు కాదు. ముందు పడిన డాలు గుంపులో మొదటి చేప కాదు. మనుషులు ఇన్ని తరాలుగా నదుల దగ్గర, అడవుల్లో, పొలాల్లో గుర్తులు చూసి బతికారు. ఆ అలవాటు మంచిదే. దాన్ని తీసుకెళ్లి గుర్తులు లేని చోట పెడితేనే మూఢనమ్మకం అవుతుంది. సంక్రాంతికి కోడిపందాల బరుల పక్కన గుండాట బల్ల దగ్గర "ఇందాకట్నుంచి ఆ బొమ్మ పడలేదు, ఇప్పుడు పడుద్ది" అని డబ్బులు పెట్టేవాళ్లు చేసేది కూడా అదే. పొలంలో, ఏట్లో పనికొచ్చిన తెలివిని పాచిక మీద పెడుతున్నారు.

499 రూపాయలకి ఏం కొన్నాను?

హాస్టల్‌కి తిరిగొచ్చాక బూస్ట్ లెక్క వేశాను. కొనకముందు వేయాల్సింది. గంటకి 12 సార్లు. బూస్ట్ లేకుండా గంటలో కత్తి వచ్చే అవకాశం 11.4 శాతం. బూస్ట్‌తో 21.5 శాతం. షాపులో "రెట్టింపు అదృష్టం" అని పెద్ద అక్షరాలతో ఉంది. అది అబద్ధం కాదు. కానీ 499 రూపాయలు పెట్టి నేను కొన్నది పది శాతం తేడా. ఇంకోలా చెప్పాలంటే బూస్ట్ లేకుండా ఇంకో గంటకి కొంచెం ఎక్కువ ఆడితే వచ్చేదే అది.

మూడు ప్యాకులూ కలిపి చూసినా, 36 సార్లకి మామూలుగా 30.4 శాతం, బూస్ట్‌తో 51.7 శాతం. అన్నీ కొన్నా బొమ్మా బొరుసే.

గేమ్ తయారుచేసేవాళ్లకీ ఈ లెక్క తెలుసు

అందుకే కొన్ని గేమ్స్‌లో పాచికకి కావాలనే జ్ఞాపకం పెడతారు. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఫైవ్ స్టార్ క్యారెక్టర్ వచ్చే మూల అవకాశం 0.6 శాతం. కానీ 90 సార్లలోపు ఒకటి ఖాయం. దీన్ని పిటీ అంటారు, అంటే జాలి. ఈ జాలి లేకపోతే 90 సార్లకి ఏమీ రానివాళ్లు 58 శాతం ఉండేవాళ్లు, పైన చెప్పిన పద్ధతిలోనే లెక్కేసి చూడండి. ఇలాంటి చోట "ఇన్నిసార్లు రాలేదు కాబట్టి దగ్గరపడింది" అనుకోవడం తప్పు కాదు, నిజమే. అయితే "ఇంకో ఇరవయ్యే కదా, ఆపడమెందుకు" అని డబ్బులు పెట్టించేది కూడా ఆ జాలే.

డోటా 2లో ఇంకో రకం. అందులో 25 శాతం అని రాసున్న చాలా దెబ్బలకి మొదటిసారి అవకాశం 8.5 శాతం మాత్రమే. తగలకపోతే రెండోసారి 17, మూడోసారి 25.5, ఇలా పెరుగుతుంది. తగలగానే మళ్లీ మొదటికి. సగటు 25 దగ్గరే ఉంటుంది కానీ మరీ దరిద్రం, మరీ అదృష్టం రెండూ తగ్గుతాయి.

డయాబ్లో 2లో మ్యాజిక్ ఫైండ్ అని ఉంటుంది. అది పెంచుకుంటే అరుదైన వస్తువులు ఎక్కువ పడతాయి. కానీ యునీక్ వస్తువుల విషయంలో నువ్వు 250 పెంచితే నిజంగా పనిచేసేది 125, 500 పెంచితే 166, వెయ్యి పెంచితే 200. ఎంత పెంచినా 250 దాటదు. ఎక్కువ పెట్టేకొద్దీ తక్కువ లాభం.

ప్రభుత్వాలు కూడా దీన్ని పట్టించుకున్నాయి. రకరకాల బొమ్మలు కొని సెట్ పూర్తిచేస్తే బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్ 2012లో ఆపించింది. డబ్బుతో కొనే పెట్టెల్లో ఏది ఎంత శాతమో బయటపెట్టాలని చైనా 2017 నుంచి రూలు పెట్టింది. 2018లో బెల్జియం కొన్ని గేమ్స్‌లోని లూట్ బాక్సుల్ని జూదం కిందే లెక్కేసింది. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి డబ్బు ఆటల్ని నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. నేను ఆడిన గేమ్‌లో గెలిచినా డబ్బు రాదు, కాబట్టి అది జూదం కాదని వాదించొచ్చు. నా 1,497కి మాత్రం ఆ తేడా తెలియలేదు.

మొదలుపెట్టే ముందు ఇవి చేయండి

గేమ్స్ ఆడొద్దని నేను చెప్పను. నేనే మానలేదు. కానీ ఫార్మింగ్‌కి దిగే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద పెట్టండి.

ఒకటి. డ్రాప్ రేటు ఎంతో కనుక్కోండి. N లో ఒకటి అని రాసుకోండి.

రెండు. 0.7 N, 3 N అంకెలు వేసుకోండి. మొదటిది సగం మందికి పట్టేది. రెండోది వందలో 95 మందికి సరిపోయేది. మీరు మిగతా ఐదుగురిలో ఉండొచ్చని ముందే ఒప్పుకోండి.

మూడు. దాన్ని గంటల్లోకి మార్చండి. నా కత్తికి 3 N అంటే 300 సార్లు, గంటకి 12 చొప్పున 25 గంటలు. "ఒక శాతం" అంటే చిన్నగా ఉంటుంది, "25 గంటలు" అంటే ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగు. ఆపే అంకె ముందే రాసుకోండి. ఆడుతూ ఉండగా ఆ అంకె మార్చకూడదు. అప్పుడు మాట్లాడేది మీరు కాదు, పావురం.

ఐదు. గేమ్‌లో జాలి ఉందో లేదో చూడండి. లేకపోతే నిన్నటి ఓటమికి ఇవాళ విలువ లేదు. ఎప్పుడు ఆపినా నష్టం లేదు, ఎందుకంటే పోగొట్టుకోడానికి పోగైంది ఏమీ లేదు.

ప్రాక్టీస్ కోసం ఒక లెక్క ఇస్తున్నా. ఒక ఉంగరం 200లో ఒకటి పడుతుంది. సగం అవకాశం రావాలంటే ఎన్నిసార్లు? 0.7 × 200, అంటే 140 దాకా. కచ్చితంగా వేస్తే 139 వస్తుంది. ఇప్పుడు 400 సార్లు చంపినా రానివాళ్లు వందలో ఎంతమంది? ఇది మీరే చేయండి. జవాబు 13, 14 మధ్య వస్తే మీకు సెమ్ ఎగ్జామ్‌లో ఆ ప్రశ్న వచ్చేసినట్టే.

నా సంగతి. నేను రాసుకున్న ఆపే అంకె 300. ఇంకా 34 మిగిలాయి. ఆ 34లో కత్తి వచ్చే అవకాశం 29 శాతం. సంక్రాంతి సెలవుల్లో, పగటిపూట, బూస్ట్ లేకుండా కొడతాను. రాకపోతే అక్కడితో వదిలేస్తాను. టిఫిన్ డబ్బుల్లోంచి ఇప్పటికి 900 వెనకేశాను, ఇంకో 597 అయితే బూట్లు వస్తాయి. తాత "మీ అమ్మకి నేను చెప్పను, నువ్వే చెప్పుకో" అన్నాడు. ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక లింక్ పంపిద్దామనుకుంటున్నా.

లెక్కల్లో తప్పులుంటే, తెలుగులో తప్పులుంటే క్లబ్ గ్రూపులో చెప్పండి. రెండోవి ఎక్కువ ఉంటాయని నాకు తెలుసు.